తీసేశారు సరే, కారణం చెప్పరేం?

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో యూట్యూబ్‌లోనో రాసే, మాట్లాడే అలవాటు ఉన్నవారికి ఒక వాక్యం బాగా తెలుసు. మీరు పెట్టినది మా ప్రమాణాలకు విరుద్ధంగా ఉంది, అందువల్ల తొలగించాం, అని వస్తుంది. అంతకుమించి ఏమీ ఉండదు. ఏ మాట తప్పయిందో, ఏ బొమ్మ అభ్యంతరమైందో, ఏ నియమం కింద ఆ నిర్ణయం జరిగిందో, చూసింది మనిషో యంత్రమో, వీటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు. మళ్ళీ చూడమని మీట నొక్కితే, చూశాం, మా నిర్ణయంలో మార్పు లేదని ఇంకో వాక్యం వస్తుంది. నాలుగోసారికో అయిదోసారికో ఖాతాయే మూతపడుతుంది. ఏళ్ళ తరబడి పెట్టుకున్న ఫొటోలు, చుట్టాలతో మాటలు, చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళకైతే ఖాతాదారుల జాబితా, అన్నీ దానితోపాటే పోతాయి. నేను ఈ రోజు మాట్లాడేది ఈ మౌనం గురించి. తొలగించడం తప్పని నేను అనడం లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు ఫోన్లలో పాకి 2018లో మన దేశంలో అమాయకుల్ని జనం కొట్టి చంపారు. ఆడపిల్లల ముఖాలు అతికించిన బొమ్మలు, కులం పేరుతో తిట్లు, మోసపు ప్రకటనలు, ఇవన్నీ తీసిపారేయవలసినవే. ఎవరో ఒకరు కాపలా కాయాలి. కాపలా కాసేవాడు కారణం చెప్పాలి, అదీ అవతలి మనిషి తిరిగి జవాబివ్వగలిగేలా చెప్పాలి. నా వాదమంతా ఇంతే.

ఈ మాట ఖరగ్‌పూర్ శ్రోతలతో చెప్పడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. ఖరిదాలో, నింపురాలో, మథురాకాటిలో, మలంచలో తెలుగువాళ్ళు స్థిరపడింది రైల్వే కొలువు వల్ల. చార్జిషీటు అంటే ఏమిటో ఇక్కడి ఇళ్ళలో విడమరచి చెప్పనక్కర్లేదు. 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల ప్రకారం పెద్ద శిక్ష వేయదలచుకుంటే అయిదో నంబరు ఫారం ఇవ్వాలి. దానికి నాలుగు జాబితాలు జతచేయాలి. మోపిన అభియోగాలు ఏమిటి, ఏ రోజున ఏం చేశాడని ఆ అభియోగం, ఏ కాగితాలు రుజువు, ఎవరు సాక్షులు, ఇవీ ఆ నాలుగు. అభియోగం మోపినవాడే తన ఆధారాన్ని ముందుగా బయటపెట్టాలి. ఉద్యోగి దాన్ని చూసుకుని, ఆ రోజు నేను డ్యూటీలోనే లేను అనో, ఆ సంతకం నాది కాదనో చెప్పుకోగలగాలి. పోస్టు తీసేయడానికీ ఉద్యోగం తీసేయడానికీ పోలికేమిటి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ నిబంధనల్లోనే చిన్న శిక్షల సంగతి చూడండి. మందలింపు, ఇంక్రిమెంటు ఆపడం, ఏడాదికి వచ్చే పాసులు ఆపడం లాంటి వాటికి కూడా పదకొండో నంబరు ఫారం ఉంది. ఏ పనికి ఆ శిక్ష తలపెట్టారో అందులో రాసి ఇవ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి. శిక్ష పడ్డాక 45 రోజుల్లో పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు. పాసు ఆపడానికే ఇంత రాతకోత అవసరమైనప్పుడు, ఒక మనిషి పదేళ్ళ రాతల్ని మాయం చేయడానికి ఒక్క వాక్యం చాలదు.

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత పెట్టినప్పుడు కార్మికులు నిలబడ్డారు, సమ్మెలూ లాకౌటూ జరిగాయి. ఆ పోరాటానికి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘం తరఫున నాయకత్వం వహించినవారిలో మన తెలుగువాడైన వి.వి. గిరి ముఖ్యులు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రైల్వే నిబంధనల్లో ఒక పదునైన ముల్లు మిగిలింది. శాశ్వత ఉద్యోగిని సైతం ఏ తప్పూ మోపకుండా, నోటీసు మాత్రం ఇచ్చి పంపేయవచ్చని రైల్వే నియమావళిలో 148, 149 నంబరు నియమాలు చెప్పేవి. మోతీరామ్ డేకా అనే ఉద్యోగి ఈశాన్య సరిహద్దు రైల్వే మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1963 డిసెంబరులో ఆ అధికారాన్ని కొట్టివేసింది. తప్పేమిటో చెప్పకుండా, జవాబు వినకుండా మనిషిని తీసేయడం రాజ్యాంగం 311వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. విచారణ లేకుండా తొలగించడానికి ఇప్పటికీ ఒక దారి ఉంది, పద్నాలుగో నియమం. అక్కడ కూడా విచారణ సాధ్యం కాదని దాన్ని వదిలేస్తే, ఎందుకు సాధ్యం కాదో కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. అంటే అలాంటప్పుడు విచారణను పక్కన పెట్టవచ్చు గాని కారణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఈ పద్ధతి ఉద్యోగాలకే పరిమితం కాలేదు. 1977 జూలైలో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కారణం అడిగితే, ప్రజాప్రయోజనం దృష్ట్యా కారణం చెప్పడం లేదని జవాబిచ్చింది. 1978 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన రాజ్యాంగ చరిత్రలో మైలురాయి అయింది. మనిషి స్వేచ్ఛను తగ్గించే ఏ పద్ధతైనా న్యాయంగా, సహేతుకంగా ఉండాలని, అతని వాదన వినాలని ఆ తీర్పు స్థిరపరిచింది. మా ప్రమాణాలకు విరుద్ధం అన్న నేటి వాక్యాన్ని, ప్రజాప్రయోజనం దృష్ట్యా అన్న ఆనాటి జవాబును పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ నిర్ణయం ఉంది, దానికి ఆధారం లేదు. జవాబు చెప్పుకోవడానికి పట్టు దొరకదు.

కారణం చెప్పకపోతే నష్టం ఎవరికి? తొలగింపుకు గురైన మనిషికే అని మనం అనుకుంటాం. ఎక్కువ నష్టం తొలగించిన సంస్థకే అని నాకు అనిపిస్తుంది. ఫేస్‌బుక్ నిర్ణయాల మీద అప్పీళ్ళు వినడానికి ఆ సంస్థే ఏర్పాటు చేసిన పర్యవేక్షక మండలి ఒకటుంది. దాని తీర్పులు చదివితే విస్తుపోతాం. టర్కీలో నిర్బంధంలో ఉన్న కుర్దు నాయకుడు అబ్దుల్లా ఓజలాన్ జైలు పరిస్థితుల గురించి చర్చించవచ్చని ఫేస్‌బుక్ లోపల 2017లో ఒక మార్గదర్శకం తయారైంది. 2018లో పని పద్ధతి మార్చినప్పుడు అది కొత్త వ్యవస్థలోకి ఎక్కలేదు. మూడేళ్ళపాటు ఎవరూ గమనించలేదు. ఒక ఇన్‌స్టాగ్రామ్ పోస్టు తొలగింపును 2021లో మండలి విచారణకు తీసుకున్నాకే ఆ కాగితం పోయిందని సంస్థకే తెలిసింది. ఆ మూడేళ్ళలో ఆ విషయం మీద తీసేసిన ప్రతి పోస్టుతోనూ, ఫలానా నియమంలో ఫలానా భాగం కింద తీశాం అని రాసి ఇవ్వవలసి వచ్చి ఉంటే, మొదటి వారంలోనే ఎవరో ఒకరు, మరి ఆ మినహాయింపు ఏమైంది అని అడిగి ఉండేవారు. రాసి ఇవ్వవలసినవాడు ఒకసారి ఆలోచిస్తాడు. రాయనక్కర్లేనివాడు తన నియమాన్నే మరిచిపోతాడు.

అంతకుముందు 2016 సెప్టెంబరులో నార్వేలో జరిగింది కూడా ఇలాంటిదే. వియత్నాం యుద్ధంలో 1972లో నాపామ్ బాంబు మంటలకు ఒళ్ళు కాలి, బట్టలు లేకుండా ఏడుస్తూ పరుగెత్తుతున్న చిన్నపిల్ల ఫొటో ప్రపంచమంతా ఎరిగినది. టామ్ ఈగెలాండ్ అనే రచయిత దాన్ని పెడితే నగ్నత్వం పేరుతో ఫేస్‌బుక్ తీసేసింది. ఆఫ్టెన్‌పోస్టెన్ పత్రిక నిరసిస్తే దాని పోస్టునూ తీసింది. చివరికి ఆ దేశ ప్రధాని ఎర్నా సోల్‌బెర్గ్ పెట్టిన పోస్టు కూడా పోయింది. దేశమంతా గొడవైతే ఫొటో తిరిగి వచ్చింది. నార్వేకు ప్రధాని ఉన్నారు, పెద్ద పత్రిక సంపాదకుడు ఉన్నారు. ఖరిదాలో మాతా పూజ ఫొటోలు పెట్టే కుర్రవాడి పోస్టు పోతే అతని తరఫున గొడవ చేయడానికి ఎవరున్నారు? గొడవ చేసేవాళ్ళు లేని చోట మిగిలే రక్షణ రాతపూర్వకమైన కారణం ఒక్కటే.

కారణం చెబితే మేలు జరుగుతుందని పరిశోధన కూడా చెబుతోంది. రెడిట్ అనే అమెరికన్ చర్చావేదిక మీద షగున్ ఝావేర్ తన సహ పరిశోధకులతో కలిసి 2019లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. ఒకదానిలో పోస్టులు తొలగింపుకు గురైన 907 మందిని అడిగితే, మూడో వంతుకు పైగా తమ పోస్టు ఎందుకు పోయిందో అర్థం కాలేదన్నారు. రెండోదానిలో కోట్ల సంఖ్యలో పోస్టులను పరిశీలించి, తొలగింపుకు కారణం చెప్పినచోట ఆ మనుషుల తర్వాతి పోస్టులు తొలగింపుకు గురయ్యే అవకాశం తగ్గిందని తేల్చారు. నియమం తెలిస్తే చాలామంది పాటిస్తారన్నమాట. ఇది మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేని సంగతే అయినా, లెక్కతో రుజువు కావడం మంచిది. ఎందుకంటే తొలగింపుకు గురైనవాళ్ళందరూ దుర్మార్గులే అన్న ఊహ మీద ఈ మౌనం నడుస్తోంది.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. ఇక్కడ చిక్కు ఇంకొంచెం లోతుగా ఉంది. మన దేశంలో షెడ్యూలు భాషలు 22 ఉంటే, ఫేస్‌బుక్ తన యంత్రాలకు అయిదింటిలోనే శిక్షణ ఇచ్చినట్టు 2021లో అమెరికన్ పత్రికల్లో వచ్చింది. మరికొన్ని భాషలకు మనుషులున్నారని సంస్థ చెప్పింది. ఆ మనుషుల్లో కొందరు పనిచేసిన చోటు మన హైదరాబాదే. జెన్‌పాక్ట్ అనే కంపెనీ తరఫున అక్కడ ఫేస్‌బుక్ పోస్టులు చూసే ఉద్యోగుల గురించి 2019లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. ఎనిమిది గంటల పనిలో రెండు వేల దాకా పోస్టులు చూడవలసి వస్తోందని వాళ్ళలో కొందరు చెప్పారు. లెక్క వేయండి, ఒక్కో పోస్టుకు పదిహేను సెకన్లు కూడా రావు. పైగా చూసేవి శవాలు, హింస, బూతు. జీతం చాలదని, ఒత్తిడి భరించలేకపోతున్నామని వాళ్ళ గోడు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. పదిహేను సెకన్లలో శ్రీకాకుళం యాసలో రాసిన వెటకారాన్ని, దానికి ఖరగ్‌పూర్‌లో తోడైన బెంగాలీ, హిందీ మాటల్ని, ఆపైన ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగును విడదీసి అర్థం చెప్పడం ఏ మనిషికీ సాధ్యం కాదు. స్టేజీ మీద బాగా పాడినవాడిని చంపేశావురా అని మెచ్చుకునే జాతి మనది. యంత్రం ఆ మాటలో హత్యను చూడవచ్చు. చూసిందో లేదో కూడా మనకు తెలియదు, కారణం చెప్పరు కనుక. ఏ మాట వల్ల తీశారో చెబితే, అది తిట్టు కాదయ్యా మెచ్చుకోలు అని మనం దిద్దగలం. అలా దిద్దితేనే యంత్రానికి తెలుగు వస్తుంది.

భాష గురించి పర్యవేక్షక మండలి ముందుకు వచ్చిన ఒక కేసు మన దేశానిదే. 2020 నవంబరులో ఒక పంజాబీ మీడియా సంస్థ వీడియోను, రాజకీయ విమర్శతో కూడినదాన్ని, ఒకరు ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. ఒకే ఒక్క ఫిర్యాదు మీద దాన్ని తీసేసి, ఆ వ్యక్తి ఖాతా మీద ఆంక్షలు పెట్టారు. మళ్ళీ చూడమంటే, కోవిడ్ వల్ల మనుషులు తక్కువగా ఉన్నారు, చూడలేమన్నారు. మండలి కేసు తీసుకున్నాక పొరపాటైందని ఒప్పుకుని తిరిగి పెట్టారు. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో మండలి గట్టిగా ఎత్తిచూపిన లోపం, సంస్థ నియమాలు పంజాబీలో లేకపోవడం. తనకు అర్థమయ్యే భాషలో లేని నియమాన్ని పాటించలేదని మనిషిని శిక్షించారన్నమాట.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఇది ప్రైవేటు సంస్థ, దాని ఇల్లు దాని ఇష్టం, నచ్చకపోతే వెళ్ళిపొండి అన్నది. నలుగురు స్నేహితులు పెట్టుకున్న గ్రూపు విషయంలో ఈ మాట నిజమే, అక్కడ అడ్మిన్ ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కాని బజారంతా ఒకడి చేతిలోకి వెళ్ళిపోయాక అది ఇల్లు అనిపించుకోదు. దుకాణాలు, పెళ్ళి పిలుపులు, మున్సిపాలిటీ ప్రకటనలు, కార్మిక సంఘం నోటీసులు అన్నీ అక్కడే ఉన్నప్పుడు వెళ్ళిపొమ్మనడం వెలి వేయడంతో సమానం. మన చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు 50 లక్షలకు మించి నమోదైన వాడుకదారులున్న సంస్థల మీద అదనపు బాధ్యతలు పెట్టాయి.

రెండో అభ్యంతరం, రోజూ లక్షల తొలగింపులు జరుగుతాయి, అన్నిటికీ కారణం రాయడం కుదరదు అన్నది. యూరప్ దీనికి జవాబు చెప్పింది. అక్కడి డిజిటల్ సేవల చట్టం 17వ అధికరణం ప్రకారం ప్రతి తొలగింపుకూ కారణం, దానికి ఆధారమైన వాస్తవం, నిర్ణయంలో యంత్రం పాత్ర, అప్పీలు దారి చెప్పాలి. 2023 నుంచి పెద్ద సంస్థలు అలాంటి కారణ పత్రాలను యూరోపియన్ కమిషన్ బహిరంగ భాండాగారానికి వందల కోట్ల సంఖ్యలో పంపాయి. కుదరదన్నది కుదిరింది. వాటిలో ఎక్కువ భాగం యంత్రం రాసిన మూస వాక్యాలే అన్న విమర్శ కూడా ఉంది, అది నిజమైన విమర్శ. ముందే అచ్చొత్తిన గడిలో టిక్కు పెట్టడం కారణం చెప్పడం కాదు. అయినా మనిషో యంత్రమో తెలియడం, ఏ నియమమో తెలియడం, ఆ మేరకు ముందడుగే.

కారణాలు చెబితే మోసగాళ్ళు కిటుకు నేర్చుకుని తప్పించుకుంటారు అన్నది మూడోది. ఇందులో కొంత నిజం ఉంది. స్పామ్ పంపే ముఠాలకు వల కన్ను ఎంత వెడల్పో చెప్పనక్కర్లేదు. అయితే ఆ మినహాయింపు ఆ ముఠాలకే. తన పేరుతో, తన ముఖంతో, తన ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషికి దాన్ని వర్తింపజేయడం దొంగల భయంతో ఊరందరి ఇళ్ళకూ తాళం వేసినట్టు ఉంటుంది. అత్యవసరం మాట కూడా వినిపిస్తుంది, అల్లర్లు రగిలే వేళ కారణం రాస్తూ కూర్చోలేం కదా అని. ముందు తీసేయండి, తరువాత చెప్పండి. చెప్పడం ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు. అసలు చెప్పకపోవడమే అభ్యంతరం.

జీతం బత్తెం లేకుండా సాయంత్రాలు వెచ్చించి కాపలా కాసేవాళ్ళ సంగతేమిటి అంటారు. వాళ్ళను నేను గౌరవిస్తాను. వాళ్ళకు జవాబు తెలుగులోనే ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపేది స్వచ్ఛంద సేవకులే. అక్కడ ఒక వ్యాసం తొలగించాలంటే ప్రతిపాదించినవారు కారణం రాస్తారు, చర్చ జరుగుతుంది, నిర్వాహకుడు తీసేశాక ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీశారన్నది చిట్టాలో అందరికీ కనబడుతుంది. నచ్చనివారు రచ్చబండలో అడుగుతారు. అక్కడా తగాదాలున్నాయి, అలిగి వెళ్ళిపోయినవారున్నారు. కాని తగాదాకు ఒక పట్టు ఉంది. డబ్బు లేని గుప్పెడుమంది చేయగలుగుతున్నదాన్ని, ప్రపంచంలోకెల్లా ధనిక సంస్థలు చేయలేమనడం నమ్మదగినది కాదు.

ప్రభుత్వం తీసేయించిన సందర్భాల్లో మౌనం ఇంకా బరువుగా ఉంటుంది. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద నిషేధించడానికి కారణాలు రాతలో నమోదు కావాలి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌ను నిలబెడుతూ సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకున్న రక్షణల్లో ఇదొకటి. కాని ఆ సెక్షన్ కింద వచ్చిన 2009 నిబంధనల్లో పదహారోది ఆ వ్యవహారమంతా గోప్యమంటుంది. వరకట్నాన్ని ఎగతాళి చేస్తూ తనుల్ ఠాకూర్ అనే పాత్రికేయుడు నడిపిన డౌరీ కాలిక్యులేటర్ వెబ్‌సైటును 2018లో ఆపేశారు. కారణం అడిగితే గోప్యత అన్నారు. ఆ ఉత్తర్వు ప్రతిని అతనికి ఇచ్చి, అతని వాదన వినమని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2022 వచ్చింది. రాసి పెట్టిన కారణం సంబంధించిన మనిషికి చేరకపోతే ఆ రాత ఎవరికోసం?

మన 2021 నిబంధనల్లో నాలుగో నియమం ఎనిమిదో ఉపనియమాన్ని చాలామంది పట్టించుకోలేదు. పెద్ద సంస్థ తనంతట తాను ఒక పోస్టు తీసేటప్పుడు, ముందే ఆ వాడుకదారుకు ఏం చేస్తున్నదీ, ఏ కారణంతో చేస్తున్నదీ తెలియజేయాలని, వాదించుకునే అవకాశం ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. 2022 అక్టోబరు సవరణతో ఫిర్యాదుల అప్పీలు కమిటీలు కూడా వచ్చాయి. సంస్థ ఫిర్యాదుల అధికారి ఇచ్చిన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు ఆ కమిటీకి వెళ్ళవచ్చు. 2023 మార్చి నుంచి మూడు కమిటీలు పని మొదలుపెట్టాయి. ప్రభుత్వం నియమించిన కమిటీ మాటల మీద తీర్పరి కావడం ప్రమాదమన్న వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయినా పోస్టు పోయినవారు ఊరుకోకుండా ఆ ఉపనియమం పేరు ఎత్తి రాతపూర్వకంగా కారణం అడగాలి. అడిగినవాళ్ళు పెరిగితేనే ఆ నియమానికి ప్రాణం వస్తుంది.

అదే 2022 సవరణ సంస్థల నియమావళి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, వాడుకదారు కోరిన భాషలో, దొరకాలంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. బెంగాల్ ప్రభుత్వం కూడా 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి మంత్రివర్గంలో నిర్ణయించింది, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ చిరకాల కోరిక అది. నియమాలు తెలుగులో ఉండాలని చట్టం చెప్పింది గాని, ఆ నియమం కింద ఇచ్చే తీర్పు, దాని కారణం తెలుగులో ఉండాలని ఎనిమిదో ఉపనియమం చెప్పలేదు. అభియోగం ఒక భాషలో, మనిషి ఇంకో భాషలో ఉంటే జవాబు ఎలా వస్తుంది? ఆ ఉపనియమంలో, వాడుకదారు కోరిన భాషలో అన్న రెండు మూడు మాటలు చేర్చాలి. ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వశాఖకు ఆ మేరకు మహజరు పంపాలని, మన పార్లమెంటు సభ్యులతో ఆ సవరణ అడిగించాలని నేను కోరుతున్నాను.